లెక్కల డిగ్రీకి ఎంత అప్పు చేయొచ్చు?

బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ ఏటా ఇచ్చే సాయానికి ఓ పట్టిక ఉంది. ఒకటో తరగతి పిల్లకు 1,000 రూపాయలు. తొమ్మిది, పది తరగతులకు 2,000. ఇంటర్‌కు 3,000. అక్కడి నుంచి దారి చీలుతుంది. ఇంజినీరింగ్, వైద్యం, ఎంబీఏ లాంటివి చదివితే ఏడాదికి 25,000. మామూలు డిగ్రీ అయితే 6,000. బీఎస్సీలో గణితం తీసుకున్న అమ్మాయి ఆరు వేల వరుసలోకి వస్తుంది. డిగ్రీ పేరులో ‘అప్లైడ్’ అన్న మాట చేరినా వరుస మారదు. ప్రైవేటు యూనివర్సిటీ అడిగే ఫీజు మాత్రం మారుతుంది.

సోలాపూర్ నుంచి అక్కల్‌కోట్ రోడ్డు మీద వెళ్తే వచ్చే కుంభారిలో ఈ పట్టికతో పని పడే ఇళ్లు వేలల్లో ఉన్నాయి. ఇక్కడి తెలుగువాళ్ల పెద్దలు మగ్గాన్ని నమ్ముకుని నిజాం రాజ్యం దాటి వచ్చినవాళ్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు సోలాపూర్ పేఠలకు చేరాయి. 1877లో ఊళ్లో తొలి బట్టల మిల్లు పెట్టాక ఆ రాక ఇంకా పెరిగింది. తర్వాత మిల్లులు మూతపడ్డాయి. చద్దర్లు, టవళ్లు నేసే మరమగ్గాలు మిగిలాయి. మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు బీడీల మీద బతుకు లాగారు.

ఆ ఆడవాళ్లకు సొంతిల్లు కావాలని ఏళ్ల తరబడి ఉద్యమం నడిపినవారు నర్సయ్య ఆడం. సోలాపూర్‌లో అందరికీ ఆడం మాస్టర్. కుంభారిలోనే గోదావరి పరుళేకర్ పేరు పెట్టిన కాలనీలో పది వేల ఇళ్లు 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా బీడీ కార్మికులకు అందాయి. తర్వాత రేనగర్‌లో 30 వేల ఇళ్ల పథకం వచ్చింది. అందులో తొలి 15 వేల ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ అప్పగించారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇంటికి కేంద్రం లక్షన్నర ఇస్తుంది. రాష్ట్రం వాటా పోగా మిగిలింది లబ్ధిదారుదే. చేతిలో డబ్బు లేనివాళ్లు బ్యాంకుకు వెళ్తారు. అందుకే కొత్త ఇంట్లోకి కుటుంబంతో పాటు నెల నెలా కట్టాల్సిన హప్తా కూడా వచ్చి చేరింది. కూతురి డిగ్రీ కోసం తీసుకునేది ఆ ఇంట్లో రెండో అప్పు. పొదుపు సంఘం బాకీ కూడా కలిపితే మూడోది.

“లెక్కలు సదివి ఏం జేస్తవ్ బిడ్డా?” అని ఇంటి పెద్దలు అడిగే ప్రశ్న ఈ మూడో అప్పు గురించే. దానికి జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల ఒక్కతే కాదు. ఫీజు అడిగే కాలేజీ చెప్పాలి, అప్పిచ్చే బ్యాంకూ చెప్పాలి. అవి చెప్పవు కాబట్టి మనమే కూడికలు వేసుకుందాం.

అప్లైడ్ మ్యాథమెటిక్స్ అంటే కొత్త గణితం కాదు. అవకలన సమీకరణాలు, సంభావ్యత, సంఖ్యాత్మక పద్ధతులు, లీనియర్ ప్రోగ్రామింగ్, వాటిని కంప్యూటర్ మీద నడపడానికి కాస్త కోడింగ్. బీమా ప్రీమియం లెక్కగట్టే తీరు, బ్యాంకు అప్పు ఎగవేత అంచనా, గోదాములో సరుకు ఎంత ఉంచాలన్న నిర్ణయం వంటివన్నీ ఈ చదువు చేసే పనులే. చద్దరు మీద నెమలి దిగాలంటే జకార్డ్ అట్టల మీద ఎక్కడ రంధ్రం పడాలో లెక్క వేసే ఊరికి ఇది పరాయి విద్య కాదని సభల్లో చెబుతుంటారు. చప్పట్లు పడతాయి. జీతం చీటీలో మాత్రం దానికి గడి లేదు.

ఇప్పుడు ఓ ప్రైవేటు యూనివర్సిటీ మూడేళ్ల డిగ్రీకి ఏడాదికి 2 లక్షలు అడిగిందనుకోండి. మొత్తం 6 లక్షలు. వడ్డీ 10.5 శాతం. చదువుతున్న మూడేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ కట్టనక్కర్లేదని బ్యాంకు చెబుతుంది. ఆ మాట విని కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. వడ్డీ మాత్రం మొదటి విడత డబ్బు కాలేజీకి చేరిన రోజు నుంచే నడుస్తుంది. మొదటి రెండు లక్షలకు నాలుగేళ్లు, రెండో విడతకు మూడేళ్లు, మూడో విడతకు రెండేళ్లు. ఇది బారు వడ్డీయే, చక్రవడ్డీ కాదు. అయినా కలిపితే 1,89,000. కిస్తీలు మొదలయ్యే నాడు ఆ సొమ్మును అసలులో కలిపేస్తారు. 6 లక్షలు తీసుకున్న పిల్ల మొదటి ఉద్యోగంలో చేరేసరికి 7,89,000 బాకీ ఉంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 10,650 రూపాయలు. పదిహేనేళ్లకు సాగదీస్తే 8,720. పదేళ్ల లెక్కలో మొత్తం కట్టేది 12 లక్షల 78 వేలు. పదిహేనేళ్లకైతే 15 లక్షల 70 వేలు.

దీన్ని కుంభారి కొలతలోకి మార్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. లెక్క సులువుగా ఉండడానికి వెయ్యి బీడీలకు 200 రూపాయల కూలి అనుకుందాం. తునికాకు నానబెట్టి, రేకు కొలత పెట్టి కత్తెరతో కోసి, పొగాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, కట్టలు కట్టి బ్రాంచికి మోసుకెళ్తే అక్కడ పనికిరావని పక్కన పడేసినవి పోగా వచ్చే కూలి అది. 10,650 రూపాయలంటే 53 వేల బీడీలు. రోజుకు వెయ్యి చొప్పున నెలకు 26 రోజులు చుట్టే ఇద్దరు ఆడవాళ్ల చేతుల పని మొత్తం ఆ హప్తాకే పోతుంది. ఉప్పు, పప్పు, కరెంటు బిల్లు ఇంకా మొదలే కాలేదు.

ఇంకో ఖర్చు ఎవరూ రాయరు. ఆ పిల్ల డిగ్రీ బదులు సోలాపూర్‌లో యూనిఫాంలు కుట్టే యూనిట్‌లో చేరి నెలకు 8,000 తెచ్చినా మూడేళ్లకు 2,88,000. డిగ్రీ కోసం ఇల్లు వదులుకునే సొమ్ము అది. ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ మాట రాదు. ఇక్కడ పదో తరగతి అవుతూనే వస్తుంది. పైగా కొత్త విద్యా విధానంలో ఆనర్స్ కావాలంటే నాలుగో ఏడాది చదవాలి. అంటే ఇంకో ఏడాది ఫీజు, ఇంకో ఏడాది కూలి నష్టం.

ఇక తక్కెడలో రెండో పళ్లెం, అంటే వచ్చే జీతం సంగతి. 2024 ఆగస్టులో కాగ్నిజెంట్ కంపెనీ కొత్తవాళ్లకు ఇస్తామన్న 2.52 లక్షల వార్షిక జీతం మీద దేశమంతా గోల జరిగింది. ఇంత తక్కువా అని సోషల్ మీడియా ఎగతాళి చేసింది. అది ఇంజినీర్లకు కాదు, మూడేళ్ల డిగ్రీ చదివిన ఇంజినీరింగేతర అభ్యర్థులకు, ఇంజినీర్లకు 4 లక్షల నుంచి మొదలవుతుందని కంపెనీ వివరణ ఇచ్చింది. గోల సద్దుమణిగింది. మూడేళ్ల డిగ్రీ అయితే సరేలే అన్నట్టు అందరూ ఊరుకున్నారు. మన అమ్మాయి చదివేది ఆ మూడేళ్ల డిగ్రీయే మరి!

2.52 లక్షలంటే నెలకు 21,000. పీఎఫ్, బీమా వగైరా పోను చేతికి 18,000 వస్తాయనుకుందాం. అందులోంచి 10,650 హప్తా తీస్తే మిగిలేది 7,350. పుణెలో కాట్ బేసిస్ మీద మంచానికి, మెస్‌కు, బస్సుకు కలిపి పది వేలు అడుగుతారు. అంటే ఉద్యోగం దొరికాక కూడా కుంభారి నుంచి డబ్బు పంపాల్సి వస్తుంది. ‘కొలువొచ్చింది’ అని వీధిలో పేడాలు పంచిన ఇల్లు మళ్లీ అప్పు వెతుక్కుంటుంది.

మిగతా దారులూ చూడాలి. బీఈడీ చేసి, టెయిట్ పరీక్ష రాసి, టీచర్ల నియామకాల పవిత్ర పోర్టల్ ద్వారా హైస్కూల్లో శిక్షణ సేవక్‌గా, అంటే గౌరవ వేతనపు టీచరుగా, చేరితే మహారాష్ట్రలో మొదటి మూడేళ్లు గౌరవ వేతనం నెలకు 18,000. జూనియర్ కాలేజీలో 20,000. అదైనా 2023లో పెంచాకే. ఎస్సెస్సీ సీజీఎల్ రాసి జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ అయితే మూల వేతనమే 35,400. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో పరిశోధన ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే నెలకు 37,000, ఇంటద్దె భత్యం వేరు. బీమా రంగంలో యాక్చురీ పరీక్షలు ఒక్కొక్కటే దాటుకుంటూ పోయినవాళ్లకు ఇంతకంటే బాగా వస్తుంది, కానీ ఆ పరీక్షలకు ఏళ్లు పడతాయి, వాటి ఫీజులు వేరు. ఇవన్నీ గణితం తెరిచే తలుపులే. వీటిలో ఏ తలుపు దగ్గరా డిగ్రీకి 6 లక్షలు పెట్టావా, 40 వేలు పెట్టావా అని అడగరు. పరీక్షలో మార్కులే చూస్తారు.

అయితే సబ్జెక్టులు మాత్రం చూస్తారు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయాలంటే డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఓ సబ్జెక్టుగా ఉండాలి. పేరులో ‘అప్లైడ్’ ఉండి మార్కుల జాబితాలో స్టాటిస్టిక్స్ లేని డిగ్రీ అక్కడ చెల్లదు. బ్రోచర్ అట్ట మీద రోబో బొమ్మ చూసి మురిసిపోయే ముందు లోపలి పేజీలో ఆరు సెమిస్టర్ల పేపర్లు చదవాలి. మామూలు బీఎస్సీలో గణితం, స్టాటిస్టిక్స్ తీసుకుని పైథాన్ కాస్త నేర్చుకున్న పిల్లకు, ఖరీదైన అప్లైడ్ డిగ్రీ పిల్లకు తెలిసిన లెక్కలో తేడా పెద్దగా ఉండదని నా అభిప్రాయం. వైద్యానికి ఆస్పత్రి కావాలి, ఇంజినీరింగ్‌కు వర్క్‌షాప్ కావాలి. గణితానికి నల్లబల్ల, ఓపికున్న మాస్టారు, ఓ మోస్తరు కంప్యూటర్ చాలు. ఆ పైన ఫీజు దేనికి కడుతున్నామో అడిగి తెలుసుకోవాలి. క్యాంపస్ నియామకాలకు అంటారా? మంచిదే. అయితే గత ఏడాది ఆ కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్లలో అందరికంటే తక్కువ జీతం ఎంత అని రాతపూర్వకంగా అడగండి. ‘అత్యధిక ప్యాకేజీ’ ఫ్లెక్సీ మీద వేస్తారు. హప్తా కట్టేటప్పుడు పనికొచ్చేది అతి తక్కువ ప్యాకేజీ.

బ్యాంకు సంగతికి వద్దాం. 4 లక్షల దాకా తాకట్టు, హామీ అక్కర్లేదు. ఏడున్నర లక్షల దాకా ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ పథకం ఉంది. ఆ పైన ఆస్తి చూపమంటారు. రేనగర్ ఇంటి మీద అప్పటికే ఓ అప్పు ఉంటే ఇక చూపడానికేముంది? తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. వాళ్ల పాత అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ స్కోరు చూస్తారు. పొదుపు సంఘంలోనో, మైక్రోఫైనాన్స్ గ్రూపులోనో తల్లి తప్పిన నాలుగు వాయిదాలు కూతురి కాలేజీ ఫైలులో బయటపడతాయి. 2015 నుంచి ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఒకే దరఖాస్తుతో మూడు బ్యాంకులను అడగొచ్చు కాబట్టి ఒక మేనేజర్ కాదన్నంత మాత్రాన కథ ముగిసినట్టు కాదు.

వడ్డీ రాయితీ దగ్గర మెలిక ఉంది. ఏడాది ఆదాయం నాలుగున్నర లక్షల లోపున్న కుటుంబాల పిల్లలకు చదువుకునే కాలంలో వడ్డీ మొత్తం కేంద్రం కట్టే పథకం 2009 నుంచి ఉంది. కుంభారి ఇళ్లలో ఎక్కువ భాగం ఆ గీత కిందే ఉంటాయి. కానీ అది వృత్తి, సాంకేతిక కోర్సులకు. మామూలు బీఎస్సీకి కాదు. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి ఏ కోర్సుకైనా వర్తిస్తుంది గానీ, దేశంలో ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు రావాలి. అందులో 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ తగ్గింపు ఉంటుంది. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ అని ఏజెంటు చెప్పిన మాట చాలదు. ఆ ఎంపిక జాబితాలో దాని పేరు వెతకండి. విద్యారుణం వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని మరికొందరు ఆశ పెడతారు. పన్ను కట్టేంత జీతం ఉన్నవాళ్లకే, అదీ పాత పన్ను విధానంలోనే అది. నెలకు 18,000 తెచ్చుకునే పిల్లకు దానితో పనేముంది?

ప్రపంచంలో అందరూ ఇలాగే చేయరు. ఆస్ట్రేలియాలో 1989 నుంచి చదువు బాకీ జీతానికి కట్టుబడి ఉంది. జీతం ఓ స్థాయి దాటితేనే పన్నుతో పాటు వసూలు చేస్తారు, లేకపోతే అడగరు. ఇంగ్లండ్‌లో 2023 నుంచి చేరినవాళ్లు ఏడాదికి 25 వేల పౌండ్లు దాటి సంపాదించిన భాగంలో 9 శాతం కడితే చాలు. 40 ఏళ్లకు తీరని బాకీ రద్దు. అక్కడా తిట్లున్నాయి, 40 ఏళ్లు తక్కువేమీ కాదు. కానీ ఉద్యోగం పోయిన నెల హప్తా కూడా ఆగుతుంది. మన బ్యాంకు ఇచ్చే కాగితం మీద తేదీ ఒక్కటే ఉంటుంది, ఆ నెల జీతం వచ్చిందా లేదా అన్న గడి ఉండదు. ఆ పద్ధతి మనకు వచ్చేదాకా జాగ్రత్త రుణగ్రహీతదే.

మరి జాగ్రత్త అంటే ఎంత? నా లెక్క ఇది. చేతికొచ్చే జీతంలో నాలుగో వంతుకు మించి హప్తా ఉండకూడదు. 18,000లో నాలుగో వంతు 4,500. పదేళ్ల గడువు, 10.5 శాతం వడ్డీ మీద వెనక్కి లెక్కిస్తే, చదువుకాలపు వడ్డీ కూడా పోను, మొదట తీసుకోదగ్గ అసలు 2 లక్షల 53 వేలు. చూడండి, అది అందరూ ఎగతాళి చేసిన ఆ మొదటి ఏడాది జీతంతో దాదాపు సమానం. ఏడాదికి ఎంత వస్తుందో అంతకు మించి అప్పు వద్దు. రేపు జీతం పెరగదా అంటే పెరుగుతుంది, ఆ పెరిగింది పిల్లకు మిగలనివ్వండి.

పోతే, ఈ రెండున్నర లక్షలను ఎప్పుడు వాడాలన్నది ఎంత వాడాలన్న దానికంటే ముఖ్యం. మొదటి డిగ్రీకి అసలు అప్పు అక్కర్లేదు. సోలాపూర్‌లో 1940 నుంచి దయానంద్ కాలేజీ ఉంది, వాల్‌చంద్ సైన్సు కాలేజీ ఉంది. ఎయిడెడ్ సీటుకు ఫీజు వేలల్లోనే. కుంభారి నుంచి బస్సులో వెళ్లి రావచ్చు. ఇంటి తిండి. పన్నెండో తరగతిలో బోర్డు మొత్తం మీద పై ఒక శాతంలో నిలిచి బీఎస్సీ గణితంలోనో స్టాటిస్టిక్స్‌లోనో చేరిన పిల్లకు కేంద్ర సైన్స్ శాఖ ‘ఇన్‌స్పైర్’ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయల విలువైనది. అందులో 60,000 చేతికి, మిగతాది వేసవి ప్రాజెక్టుకు. కార్మిక శాఖ 6,000 వరుసలో పెట్టిన సబ్జెక్టుకే ఇంకో శాఖ 80 వేలు కడుతోంది! అప్లైడ్, ఇంజినీరింగ్ తరహా కోర్సులకు కాదు, మౌలిక శాస్త్రాలకు మాత్రమే అని నిబంధన. ఇక్కడ ‘అప్లైడ్’ అన్న మాట లాభానికి బదులు నష్టమే తెచ్చిపెట్టొచ్చు. సెమీ ఇంగ్లిష్‌లో చదివిన పిల్లలకు, అంటే మరాఠీ బడిలో లెక్కలు, సైన్సు మాత్రం ఇంగ్లిష్‌లో చదివినవాళ్లకు, ఈ స్కాలర్‌షిప్ ఉందన్న సంగతి ఎవరు చెబుతారన్నది వేరే బాధ.

డిగ్రీ మూడో ఏట ఐఐటీలు నిర్వహించే జామ్ పరీక్ష రాయొచ్చు. దాని ర్యాంకుతో ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లు వస్తాయి. వరంగల్ ఎన్ఐటీలో ఎమ్మెస్సీ అప్లైడ్ మ్యాథమెటిక్స్ ఉంది. ముత్తాత మగ్గం సర్దుకుని బయల్దేరిన వైపుకే మునిమనవరాలు సూట్‌కేసుతో వెళ్లడం బాగానే ఉంటుంది కదా. ఊళ్లోనే ఉండాలంటే పుణె రోడ్డులో కేగావ్ దగ్గర పుణ్యశ్లోక్ అహిల్యాదేవి హోళ్కర్ యూనివర్సిటీ ఉంది. ఎమ్మెస్సీకి రెండేళ్లలో 2 లక్షలు అప్పు తీసుకున్నా, కిస్తీలు మొదలయ్యే నాటికి అది రెండున్నర లక్షలవుతుంది. పదేళ్ల హప్తా నెలకు 3,400. పైగా ఆ అప్పు చేసే నాటికి పిల్లకు ఇరవై దాటుతాయి. లెక్కలు తనకు వస్తాయో రావో, ఏ ఉద్యోగం వైపు మొగ్గో తెలుస్తుంది. పదిహేడేళ్ల వయసులో తెలియకుండా చేసే 6 లక్షల అప్పుకూ, తెలిసి చేసే 2 లక్షల అప్పుకూ చాలా తేడా ఉంది.

అడగడానికి ఇబ్బందిపడే ప్రశ్న ఒకటి మిగిలింది. “పెండ్లయితే హప్తా ఎవరు కట్టాలె?” కొడుకు అప్పు గురించి ఈ ప్రశ్న రాదు. కూతురి జీతం అత్తగారింటికి పోతుంది, అప్పు మాత్రం తల్లిగారింటి సంతకం మీద ఉంటుందన్న భయం అది. సంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల పేరున అప్పుందని చెబితే కట్నంలో పట్టుకుంటారేమోనని ఇంకో భయం. ఈ భయాలను కొట్టిపారేయడం తేలిక, కానీ బ్యాంకు కాగితం మీద సహ రుణగ్రహీత పేరు పెళ్లితో మారదు; నోటీసు తల్లికే వస్తుంది. అందుకే చిన్న అప్పు ఆడపిల్లకు ఇంకా మేలు. నాలుగైదేళ్లు ఉద్యోగం చేసి తానే తీర్చేసి పెళ్లికి ఒప్పుకునే వీలుంటుంది. పెద్ద అప్పు పెళ్లినైనా ఆపుతుంది, ఉద్యోగం నచ్చకపోయినా మాననివ్వదు, ఎమ్మెస్సీ కలనైనా మింగుతుంది.

ఎలాగూ అప్పు తప్పదనుకుంటే ఒక పని చేయండి. చదివే కాలంలోనూ, కిస్తీలు మొదలయ్యే దాకానూ నెల నెలా వడ్డీ కట్టేయండి. 2 లక్షల విడతకు నెలకు 1,750 రూపాయలు. 6 లక్షల అప్పులో ఇలా ఎప్పటికప్పుడు వడ్డీ కట్టిన కుటుంబానికి తర్వాతి హప్తా 10,650 కాదు, 8,100. మొత్తం మీద లక్ష రూపాయలకు పైగా మిగులుతుంది. మొదటి ఏడాది 1,750 కట్టడమే కష్టమైన ఇల్లు నాలుగేళ్ల తర్వాత 10,650 ఎలా కడుతుందో అప్పుడే తెలిసిపోతుంది కూడా.

కేంద్ర కార్మిక శాఖకు ఓ విన్నపం. బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976 నాటిది. ఆ నిధికి ఆధారమైన సెస్సు 2017లో జీఎస్టీతో పోయింది, పథకం మాత్రం బతికే ఉంది. బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివే పిల్లలకు 6 వేల వరుస ఇక సరిపోదు; ఇంజినీరింగ్‌తో సమానం చేయకపోయినా సగమైనా చేయాలి. కార్మికుల నెల ఆదాయం 10 వేలు దాటకూడదన్న షరతును కూడా సవరించాలి.

కుంభారి అమ్మానాన్నలకు నా మాట ఇంతే: పిల్లకు లెక్కలు వస్తే చదివించండి, ఆపొద్దు. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు వెతికి పెట్టుకుని నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో గడువు లోపల దరఖాస్తు పెట్టండి. మొదటి డిగ్రీ సోలాపూర్‌లోనే కానివ్వండి. ఏ బ్యాంకు ఎంత ఇస్తానన్నా సరే, మొత్తం అప్పు రెండున్నర లక్షలు దాటే కాగితం మీద సంతకం పెట్టకండి.